రోడ్డు ఎవరి జాగీరు: హైదరాబాదు నుంచి బందరు దాకా సైకిల్ మీద

పుణె నుంచి షోలాపూర్, హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం వెళ్లే రోడ్డును పెద్దవాళ్లు ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు అది 65 అయింది. కారులో, బస్సులో దాని మీద ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. సైకిల్ మీద వెళ్తానంటే మాత్రం ఇంట్లో ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. "దూరం సంగతి కాదు, దారిలో జనం సంగతే నా భయం" అంది మా ఆవిడ. ఆమె రోజూ కారు నడుపుతుంది. స్టీరింగ్ చేతికొచ్చాక మనిషి ఎలా మారతాడో నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

డిసెంబరు మొదట్లో బయల్దేరాను. గేర్ల సైకిలు, హెల్మెట్టు, వెనక మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు, కళ్లు చెదిరే పచ్చ జాకెట్టు, హ్యాండిల్‌కు చిన్న అద్దం. అన్నిటికన్నా పనికొచ్చింది ఆ అద్దమే. వెనకొచ్చేదేదో ముందే కనబడితే సగం టెన్షన్ పోతుంది.

మొదటి రోజు: ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట

హైదరాబాదులో సైకిల్ తొక్కేవాళ్ల కోసం ఔటర్ రింగు రోడ్డు పక్కనే 23 కిలోమీటర్ల ట్రాకు వేశారు, పైన సోలార్ పలకల నీడతో సహా. 2023 అక్టోబరులో తెరిచారు. నార్సింగి, కోకాపేట, కొల్లూరు వైపు ఉండేవాళ్లకు అది వరమే. ఎల్బీనగర్ నుంచి బయల్దేరేవాడికి అది టీవీలో చూసే వింత, అంతే.

హయత్‌నగర్ దాకా ఏ ఇబ్బందీ లేదు. తెల్లారుజామున ఆటోలు, పాలబండ్లు, కూరగాయల ట్రాలీలు అన్నీ నాలాగే నెమ్మదిగా పోతుంటాయి. నెమ్మదిగా పోయేవాళ్ల మధ్య కొట్లాటలు తక్కువ. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ నుంచి దిగే కార్లు కలిసేచోట కథ మారింది. వంద దాటిన స్పీడు నుంచి అప్పుడే దిగొచ్చినవాడికి, ఇరవైలో పోతున్న నేను రోడ్డు మీద పెట్టిన బారికేడ్‌లా కనిపిస్తాను కాబోలు. ఒక పెద్ద కారు నా పక్కకొచ్చి వేగం తగ్గించింది. అద్దం దిగింది. "సర్వీసు రోడ్డు లేదా నీకు?" సమాధానం వినకుండానే అద్దం ఎక్కింది.

సర్వీసు రోడ్డు ఉంది. దాని మీద కూడా వెళ్లి చూశాను. రెండు వందల మీటర్లు బాగుంటుంది. ఆ తర్వాత నిలబెట్టిన లారీలు, బజ్జీల బండి, ఎదురొచ్చే బైకులు, మూతలేని మ్యాన్‌హోలు. ఒకచోట కల్వర్టు దగ్గర చెప్పాపెట్టకుండా అయిపోయింది కూడా. అక్కడ మళ్లీ మెయిన్ రోడ్డెక్కాలి. ఇలా దిగుతూ ఎక్కుతూ పోవడం కన్నా ఒకే గీత పట్టుకుని పోవడం క్షేమం. వెనకాలవాడికి మనం ఎటు పోతామో తెలియాలి. మట్టి అంచును ఒరుసుకుంటూ పోతే ఇంకో గొడవ: పక్క నుంచి దూరిపోవచ్చని వాడికి ఆశ పుడుతుంది. అంచుకు ఒక మీటరు లోపలికి ఉంటే, దాటడానికి కాస్త కుడికి జరగక తప్పదని అర్థమవుతుంది. అలా జరగాల్సి రావడమే కొందరికి ఒళ్లుమంట.

చౌటుప్పల్ ముందు బైకు మీద ఇద్దరు కుర్రాళ్లు సడిచప్పుడు లేకుండా పక్కకొచ్చి చెవిలో "ఓయ్!" అని అరిచి పోయారు. హ్యాండిల్ అటూ ఇటూ ఊగింది. వాళ్లు వెనక్కి తిరిగి నవ్వుతున్నారు. కోపంతో తిట్టేవాడిని నేను భరిస్తాను, వాడికి నేను అడ్డొచ్చాననుకుంటాను. ఈ సరదాగాళ్లకు ఆ కారణం కూడా లేదు.

చిట్యాల దాటాక ఎదురుగా రాంగ్ రూట్‌లో, నేను పోతున్న అంచునే, పాలక్యాన్ల బైకు వచ్చింది. హైవే మీద సైకిల్ తొక్కేవాడికి లారీ కన్నా ఇదే పెద్ద గండం. ఇద్దరిలో ఒకడు నా కుడికి, అంటే నా వెనకనుంచి బండ్లు దూసుకొచ్చే వైపుకు, జరగాలి. నేను జరగను. ఆగి, ఎడమకాలు మట్టిలో ఆనించి నిలబడతాను, వెళ్లదలచినవాడే చూసుకుని వెళ్తాడు. ఇతనూ ఆగాడు. క్యాన్ల మూతలకు గడ్డి చుట్టి బిగించి ఉంది, ముందు చక్రం నా ముందు చక్రానికి జానెడు దూరంలో ఉంది.

"జర పక్కకు జరగరాదే?" అన్నాడు.

"రాంగ్‌ల వస్తున్నది నువ్వు కదన్నా."

"యూటర్న్ రెండు కిలోమీటర్లు ముంగటికి ఉంది. పోయి రానూ నాలుగు. పాలు ఇరుగుతయ్, నువ్విస్తవా పైసలు?"

మాట కటువుగా ఉన్నా లెక్క తప్పు కాదు. ఊళ్ల మధ్య నుంచి రోడ్డు పోయినప్పుడు అటూ ఇటూ దాటే చోట్లే ప్రమాదాల చోట్లయ్యాయి. దాంతో డివైడర్ల సందులు ఒక్కొక్కటిగా మూసేశారు. పొలం అటుపక్క, ఇల్లు ఇటుపక్క ఉన్నవాడు రోజూ నాలుగు కిలోమీటర్లు చుట్టూ తిరగడు. ఆ మిగిల్చుకున్న పెట్రోలు వచ్చి నా చక్రానికి అడ్డుపడింది. చివరికి అతనే నా వెనక చూసుకుని, నన్ను చుట్టి వెళ్లాడు. పోతూ పోతూ గొణిగిందేమిటో వినబడలేదు.

కేతేపల్లి దగ్గర మూసీ దాటేటప్పటికి ఎండ వాలింది. సూర్యాపేట లాడ్జిలో సైకిల్ గదిలోకి తెస్తానంటే కౌంటర్ అబ్బాయి "దానికి సపరేట్ చార్జి లేదు లే సార్" అని నవ్వాడు.

రెండో రోజు: సూర్యాపేట నుంచి నందిగామ

పొద్దున్నే మంచు. ఏడున్నర దాకా టీ కొట్లోనే కూర్చున్నాను. మంచులో ఎర్ర లైటు నా ధైర్యం కోసమే గానీ వెనకాలవాడికి కనబడుతుందన్న నమ్మకం లేదు.

మునగాల దాటాక ఎడమపక్క రోడ్డంచు షోల్డర్ పొడవునా వడ్లు ఆరబోశారు. వానాకాలం పంట కోతలయ్యాయి, కల్లాలు లేవు, ఇంతకన్నా చదునైన నేల రైతుకు ఎక్కడా దొరకదు. వడ్ల మీదికి బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. నేను రాళ్లకు ఇవతల, ఎడమ లేన్‌లో పోతున్నాను. కుడి లేన్ ఖాళీ.

వెనక హారన్ మొదలైంది. ఒకసారి కొట్టి ఊరుకునే రకం కాదు. అదిమిపట్టి వదలని రకం. అద్దంలో తెల్లకారు. ఖాళీ లేన్‌లోకి పోవడానికి వాడికి చెయ్యి రాదు, నేనే తొలగాలి. అర నిమిషం తర్వాత గట్టిగా ఎక్సలేటర్ తొక్కి నన్ను దాటి, నా ముందుకు కోసి, యాభై గజాల అవతల ఆపాడు. తలుపు తెరిచి దిగాడు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, భుజాన కొత్త కండువా.

"ఏం సారూ, రోడ్డు మీ అయ్య జాగీరా?"

తిట్టులో కూడా సారు పోలేదు. నా హెల్మెట్టుకు, సైకిలుకు ఆ మర్యాద దక్కిందనుకుంటా.

ఇలాంటప్పుడు చెయ్యాల్సిన పని ఒకటి నేర్చుకుని ఉన్నాను. సైకిల్ దిగి, దాన్ని మా ఇద్దరి మధ్యన నిలబెట్టి, హెల్మెట్టూ నల్లద్దాలూ తీసేస్తాను. మొహం కనబడితే చాలామందికి సగం కోపం జారిపోతుంది. నెత్తిన తెల్ల వెంట్రుకలు, బట్టలంతా చెమట, ఎదుట ఉన్నది పోటుగాడు కాదని తెలిసిపోతుంది.

"వడ్లున్నయన్నా. వాటి మీద తొక్కితే రైతు ఊకుంటడా?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. అర కిలోమీటరు వడ్లు. అప్పటిదాకా అవి అతని కంట పడనేలేదు.

"మరి జల్ది జల్ది తొక్కాలె గద?"

"ఇరవైకి మించి రాదన్నా ఇది."

వెనక సీట్లోంచి ఒకావిడ తల బయటపెట్టింది. పట్టుచీర, ఒళ్లో స్టీలు పళ్లెంలో పసుపు కుంకుమ పొట్లాలు. "నువ్వు ఈడ పంచాయితీ పెట్టకు, ఆడ ముహూర్తం దాటిపోతుంది!" అతను కారెక్కాడు. క్షమించమని అనలేదు, మళ్లీ తిట్టనూ లేదు. కోదాడ వైపు దుమ్ము లేపుకుంటూ పోయాడు.

ఇదంతా జరుగుతుండగా ఒక తాత పాత అట్లాస్ సైకిల్ మీద, వెనక గడ్డిమోపుతో, వడ్లకు అవతల మట్టిలో మా పక్కనుంచే పోయాడు. కారాయన అతన్ని చూడనే లేదు. ముందు ఊళ్లో టీ కొట్టు దగ్గర ఆ తాతే దొరికాడు. నా సైకిల్ టైరు నొక్కి చూసి, "ఎంతైతది బిడ్డా?" అన్నాడు. సగం చేసి చెప్పాను. ఆ సగానికే బర్రె వస్తుందన్నాడు. పందెమా, గవర్నమెంటు పైసలిస్తదా, డాక్టరు తొక్కమన్నడా, ఈ మూడు ప్రశ్నలూ దారి పొడవునా ప్రతి ఊళ్లో అడిగినవే.

"నిన్ను ఎవరూ తిట్టరా తాతా?"

"హారన్ కొట్టకముందే దిగిపోత. ఇంక ఏమని తిడ్తడు?"

ఇంకో ఉపాయం కూడా చెప్పాడు. పొద్దుగూకాక తను కుడిపక్కనే తొక్కుతాడట, అంటే ఎదురొచ్చే బండ్ల వైపు. "ఎన్కనుంచి గుద్దేది కనబడదు. ఎదురొచ్చేది కనబడ్తది గద." రూల్ ప్రకారం ఇది తప్పు, నిన్న పాలబండి చేసిన పని కూడా ఇదే. అయినా నాకు అద్దం ఉంది, తాతకు లేదు. రోడ్డు ఇంత సాఫీగా నడుస్తున్నట్టు కనిపించడానికి ఇలా పిలవకముందే దిగిపోయేవాళ్లే కారణం అనిపిస్తుంది. దిగనివాడు ఒకడొస్తే చాలు, జాగీరు మాట బయటికొస్తుంది.

కోదాడ దాటి, పాలేరు వంతెన మీద రాష్ట్రం మారింది. 2024 సెప్టెంబరు వరదలకు ఇక్కడే గరికపాడు దగ్గర రోడ్డు తెగి, వందల బండ్లు ఆగిపోయాయి. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, అందుకే లారీలూ, పొడి సిమెంటు మోసే బల్కర్లూ ఎక్కువ. పెద్ద లారీ పక్కనుంచి పోతే ముందు గాలి మనల్ని ఎడమకు తోస్తుంది, లారీ దాటగానే కుడికి లాగుతుంది. ఆ లాగేటప్పుడే జాగ్రత్త. భుజాలు బిగించకుండా హ్యాండిల్ వదులుగా పట్టుకోవాలి.

అయితే ఇదీ చెప్పాలి. ఈ రోడ్డు మీద నన్ను అందరికన్నా బాగా చూసుకున్నది లారీవాళ్లే. దూరంనుంచే ఒక్క పొట్టి హారన్, తర్వాత పూర్తిగా పక్క లేన్‌లోకి. మా తమ్ముడు జర్మనీలో ఉంటాడు. అక్కడ 2020 నుంచి సైకిల్‌ను దాటే కారు ఊళ్లో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు దూరం వదలాలని రూల్. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర నన్ను దాటిన చత్తీస్‌గఢ్ లారీ డ్రైవరు ఆ రూలు విని ఉండడు. అతను నాకు మూడు మీటర్లు వదిలాడు. గుద్దితే ఏమవుతుందో రోడ్డు మీదే బతికేవాళ్లు కళ్లారా చూసి ఉంటారు. కారువాళ్లలో చాలామంది చూసి ఉండరు. ఖాళీగా తిరిగొచ్చే లారీల సంగతి వేరు, వాటికి ట్రిప్పుల తొందర. అద్దంలో అలాంటిది కనబడితే నేనూ తాతలాగే దిగిపోయాను.

మూడో రోజు: నందిగామ నుంచి బెజవాడ

చిన్న రోజు. కీసర దగ్గర మున్నేరు, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం. థర్మల్ స్టేషన్ దగ్గర బూడిద లారీలు, నోటికి రుమాలు. అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

గొల్లపూడిలో మాత్రం ఒక బస్సు నన్ను దాటీ దాటగానే ఎడమకు కోసి స్టాపులో పెట్టబోయింది. నేను బస్సుకూ ఫుట్‌పాత్ అంచుకూ మధ్య ఇరుక్కున్నాను. రేకు భుజానికి తగులుతోంది, వెచ్చగా ఉంది, వెనక చక్రం మోకాలి పక్కనే తిరుగుతోంది. అరచేత్తో బస్సును దబదబా బాదాను. ఆగింది. డ్రైవరు కిటికీలోంచి వంగి, "ఏంటయ్యా, బస్సు ఆగుతుంటే చూసుకోవా?" అన్నాడు. నేనూ గట్టిగానే అన్నాను. ఈలోపు కిటికీలన్నిట్లోంచీ తలలు బయటికొచ్చాయి. "మీదే తప్పండీ", "సైకిలు వేసుకుని హైవే ఎక్కుతారేంటండీ", "పొద్దున్నే ఎక్కడ దొరికాడండీ బాబూ, ఆఫీసుకు లేటవుతోంది". నలభై మంది ఎక్కిన బండితో గొడవపడితే న్యాయం ఎప్పుడూ బండి వైపే ఉంటుంది. బస్సును కొట్టినందుకు నాకేమీ బాధ లేదు. కొట్టకపోతే ఆగేది కాదు.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సైకిల్ మీద వెళ్తున్నవాళ్లు 3 శాతం దగ్గర్లో ఉన్నారు. ఈ లెక్క చెప్పి సైకిల్ క్షేమమని ఎవరైనా అంటే నేను నమ్మను. హైవే మీద సైకిళ్లే కరువైపోయాయి. నందిగామ నుంచి ఇక్కడిదాకా నాకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా కనబడలేదు.

కనకదుర్గ ఫ్లైఓవర్ 2020లో తెరిచాక పెద్ద బండ్లు పైనుంచి పోతున్నాయి. నేను కింద, కొండకూ కృష్ణకూ మధ్య పాత రోడ్డు పట్టుకున్నాను. ఊళ్లోకొచ్చాక కోపాలు లేవు, ఒరుసుకోవడాలే. షేర్ ఆటో మోచేతికి తగిలి పోతుంది, తగిలిందని కూడా దానికి తెలీదు.

నాలుగో రోజు: బెజవాడ నుంచి బందరు

పోరంకి, పెనమలూరు, కంకిపాడు. ఈశాన్యపు గాలి ఎదురు. రోడ్డంతా ఎండుగడ్డి ట్రాక్టర్లు. ఒక్కోదాని మీద గడ్డి రెండు పక్కలా ఎంత బయటికొచ్చి ఉంటుందంటే, దాని వెనక వచ్చే కార్లన్నీ నా వేగానికి దిగాల్సిందే. ఆ కాసేపూ నన్ను ఎవరూ పట్టించుకోలేదు. అందరి కోపం ట్రాక్టరు మీదికి పోయింది. హాయిగా ఉంది.

ఉయ్యూరు దాటాక బడికెళ్లే ఆడపిల్లలు ముగ్గురు, జడలకు ఎర్ర రిబ్బన్లు, సైకిళ్ల మీద వరసగా పక్కపక్కనే పోతున్నారు. వెనక కారు హారన్ కొట్టింది. కదల్లేదు. మళ్లీ కొట్టింది. చివరనున్న పిల్ల మెడ మాత్రం తిప్పి చూసింది, ఎవరో తెలిసినవాళ్లేమోనన్నట్టు. కాదని తేలాక మళ్లీ మాటల్లో పడింది. లెక్కల మాస్టారి గురించి ఏదో పెద్ద వ్యవహారం నడుస్తోంది, అది తెగేదాకా వరస మారలేదు. తెగాక ఒక పిల్ల బ్రేకు వేసి వెనక్కి తగ్గింది, కారు పోయింది. ఆ డ్రైవరు మొహం చూశాను. కోపం లేదు, కాస్త విసుగు, అంతే. నేను అదే పని చేసి ఉంటే దిగి తన్నేవాడేమో. వాళ్లు ఆ ఊరి పిల్లలు, ఏమన్నా అంటే పది మంది పోగవుతారు. నేను దారినపోయే పచ్చ జాకెట్టుని.

ఆ పిల్లలను దాటుతుంటే "అంకుల్, రేసా?" అని కేకేశారు. కాదన్నాను. "మరెందుకు అంత కష్టపడుతున్నారు?"

పామర్రు దాటి మధ్యాహ్నానికి బందరు. లడ్డూ తిని, గదిలో పడి సాయంత్రం దాకా నిద్రపోయాను. మంగినపూడి బీచికి ఇంకో పది, పదకొండు కిలోమీటర్లు. అక్కడికి ఆటోలో వెళ్లాను.

ఐదో రోజు: డీసీఎం లారీలో వెనక్కి

సైకిల్‌ను బస్సెక్కించడానికి పడాల్సిన పాట్లు తెలిసినవే కాబట్టి ఆ జోలికి పోలేదు. చేపల చెరువులకు మేత బస్తాలు దింపి ఖాళీగా బెజవాడ పోతున్న డీసీఎం ఒకటి మాట్లాడుకున్నాను. నాలుగు వందలు. సైకిల్ వెనక తాళ్లతో కట్టి, నేను క్యాబిన్‌లో ఎక్కాను.

ఎత్తులో కూర్చున్నాక తెలిసింది. ఎడమ తలుపు పక్కన, కిందుగా ఉన్న ముక్కలో ఎవరైనా ఉంటే డ్రైవరుకు అసలు కనబడరు. అద్దంలో పడరు, కిటికీలో పడరు. డ్రైవరుకు ముప్ఫై ఏళ్లుంటాయి, పామర్రు దగ్గర ఊరట. ప్రతి సైకిలుకూ, ప్రతి మోపెడుకూ హారన్ కొడుతున్నాడు. అనవసరంగా కొడితే 2019 సవరణ తర్వాత మొదటిసారి 1,000, రెండోసారి 2,000 జరిమానా ఉందని చెప్పాను. పగలబడి నవ్వాడు.

"ఆ లెక్కన ఈ బండి అమ్మినా చాలదండీ. మరి కొట్టకపోతే ఎలాగండీ? పూర్వం ఎడమపక్క క్లీనర్ ఉండేవాడు. తల బయటపెట్టి సైకిల్ ఉందనో, రానీ రానీ అనో చెప్పేవాడు. జీతం దండగని ఓనర్లు తీసేశారు. ఇప్పుడు నాకు ఎడమ కన్ను లేదు. హారనే క్లీనర్."

కొట్టేవాడికి అది క్లీనరే కావచ్చు. వినేవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? తెల్లకారు హారన్‌కూ దీనికీ చప్పుడు ఒకటే. అదే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. కంకిపాడు సెంటర్ వస్తుండగా, "అయితే ఈ ట్రిప్పుకు క్లీనర్ మీరేనండి. ఎడమ చూడండి, నేను హారన్ ముట్టుకోను" అన్నాడు.

ఇంక నాకు ఊపిరాడలేదు. తల బయటపెట్టి "సైకిలుంది, ఆగు", "ఆటో దూరుతోంది", "రానీ, రానీ" అంటూనే ఉన్నాను. పెనమలూరులో ఒక స్కూటరాయన నా అరుపులకు అదిరిపడి, పెద్దమనిషివి అలా అరుస్తావేంటయ్యా అని కేకలేశాడు. మాటిచ్చినట్టే డ్రైవరు హారన్ ముట్టుకోలేదు. రెండుసార్లు చెయ్యి అలవాటుగా దాని మీదికి వెళ్లి వెనక్కొచ్చింది, అంతే.

బెంజ్ సర్కిల్ దగ్గర సైకిల్ దించి నాలుగు వందలు చేతిలో పెడితే, ఒక వంద తిరిగిచ్చాడు. క్లీనర్ బత్తా అన్నాడు.